మెకంజీ దొర చిత్తరువులోని నలుగురు

పందొమ్మిదవ శతాబ్దపు తొలి పాదములో యూరోపు దేశములన్నిటా సైనికాధికారుల చిత్తరువులకు గొప్ప గిరాకీ ఏర్పడినది. నెపోలియను యుద్ధములు జరుగుచున్న కాలమది. యుద్ధరంగమునుండియో, దూరసముద్రములనుండియో తిరిగివచ్చిన అధికారి తన రూపమును నూనె రంగులలో వ్రాయించుకొని ఇంటి గోడకు తగిలించుకొనుట ఆనాటి పెద్దమనుషుల వాడుక. రష్యాలో ఈ వాడుక రాజాజ్ఞ రూపమునే దాల్చినది. 1812లో నెపోలియనును ఎదిరించిన సేనానుల చిత్తరువులను ఒకే శాలలో నిలుపవలెనని అలెగ్జాండరు చక్రవర్తి సంకల్పించి, జార్జి డా అను ఆంగ్ల చిత్రకారుని పీటర్స్‌బర్గుకు రప్పించినాడు. మూడు వందలకు పైగా చిత్తరువులతో ఆ శాల 1826లో వింటర్ ప్యాలెస్‌లో తెరువబడినది. నేటికిని అందులో 13 చట్రములు చిత్తరువు లేక, ఆకుపచ్చని పట్టుగుడ్డతో, క్రింద పేరు మాత్రమే కలిగియున్నవి. ఆ సేనానుల రూపము చిత్రకారునికి లభింపలేదు.

ఈ పని అంతయు డా ఒక్కని చేతి పని కాదు. అతని క్రింద పనిచేసిన వారిలో అలెగ్జాండర్ పొల్యకోవ్ అను యువకుడు ఒక సేనాని జమీనుకు కట్టుబడిన దాస రైతు. యజమానియే అతనిని డా వద్ద పనికి పెట్టినాడు. శాలను చూడవచ్చినవారు ‘డా చిత్తరువులు’ అని మెచ్చుకొందురు. పొల్యకోవ్ పేరు చెప్పువారు అరుదు. ఈ సంగతిని పాఠకులు మనస్సులో ఉంచుకొనవలెనని కోరుచున్నాము.

నౌకాదళాధికారుల చిత్తరువులలో యూరీ లిస్యాన్‌స్కీది ప్రసిద్ధమైనది. దానిని 1810లో వ్లదీమిర్ బొరొవికోవ్‌స్కీ రచించినాడు. లిస్యాన్‌స్కీ ఒక పూజారి కుమారుడు. 1803 నుండి 1806 వరకు ‘నేవా’ అను ఓడను నడిపి, క్రూజెన్‌షెర్న్ నడిపిన మరియొక ఓడతో కలసి, భూమిని చుట్టి వచ్చిన తొలి రష్యా నావికుడు అతడు. అంతకు ముందే బ్రిటిష్ ఓడలలో శిక్షణ పొందుచు మన దేశమునకు వచ్చి వెళ్లినాడు. ఇక చిత్రకారుడు బొరొవికోవ్‌స్కీ దేవతామూర్తుల పటములు వ్రాయు కుటుంబములో పుట్టి, ఆ విద్యతోనే జీవితమారంభించి, పిదప రాజధానికి చేరి ప్రభువుల ముఖములు వ్రాసినవాడు. దేవుని పటము వ్రాసిన చేతితో అధికారి పటము వ్రాయుటలో ఆనాటి కాలమార్పు అంతయు ఇమిడియున్నది. లిస్యాన్‌స్కీ తన యాత్రావృత్తాంతమును గ్రంథముగా వ్రాయగా నౌకాశాఖవారు ప్రచురించుటకు నిరాకరించినారు. అతడు 1812లో సొంత సొమ్ముతో అచ్చు వేయించుకొన్నాడు. బొరొవికోవ్‌స్కీ చిత్తరువు వ్రాయునాటికి అతడు ఉద్యోగము విడిచి ఒక సంవత్సరమైనది. అయినను మనకు కనిపించునది నౌకాదళపు దుస్తులలోని అధికారియే.

రష్యా నావికుల చిత్తరువులతో తిరుపతి, చిత్తూరు విద్యార్థులకేమి పని యని అడుగవచ్చును. ఆ కోవకు చెందిన చిత్తరువు ఒకటి మన తెలుగువారికి మిక్కిలి దగ్గరగా ఉన్నది. లిస్యాన్‌స్కీ చిత్తరువు తరువాత ఆరేండ్లకు, 1816లో, మదరాసులో థామస్ హికీ అను ఐరిష్ చిత్రకారుడు ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకంజీని నూనె రంగులలో చిత్రించినాడు. ఆ చిత్తరువు ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో కలదు. దానిలో అధికారి ఒంటరిగా లేడు. అతనితో మరి ముగ్గురు భారతీయులున్నారు. వారిలో ఒకడు మన తెలుగువాడు, ఏలూరి కావలి వారి బిడ్డ, వెంకట లక్ష్మయ్య.

ముందుగా నూనె రంగుల విధానమును గురించి రెండు మాటలు చెప్పవలసియున్నది. తెలియనిచో చిత్తరువు యొక్క బలము బోధపడదు. మన శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నూలుగుడ్డను కరక్కాయ, పాలతో పదను చేసి, వెదురు కలముతో నల్లని గీత గీసి, అద్దకపు రంగులు ఎక్కింతురు. ఆ రంగు గుడ్డలోనికి ఇంకిపోవును. ఒకసారి గీసిన గీతను చెరుపుట దుర్లభము. నూనె చిత్రమట్లు కాదు. అవిసె నార గుడ్డను కర్ర చట్రముపై బిగించి, జిగురు పూసి, దానిపై సపేదా పూత వేసి ఎండనిత్తురు. రంగుపొడిని అవిసె గింజల నూనెతో నూరి వాడుదురు. నూనెయు, గుడ్డయు ఒకే మొక్కనుండి వచ్చుట విశేషము. ఆ నూనె ఆరుటకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. అందుచేత చిత్రకారుడు తొందరపడక, తడి రంగులో రంగు కలుపుచు, చెంపపై పడిన వెలుగు మెడ క్రింది నీడలోనికి ఎట్లు జారునో అట్లే చూపగలడు. తప్పు పడినచోట మరల పైపూత వేయగలడు. పట్టు మెరుపు, ఇత్తడి గుండీ మెరుపు, కంటి తడి మెరుపు వేరువేరుగా తెలియునట్లు వ్రాయగలుగుట ఈ విధానము వలననే. అధికారులు నూనె రంగులనే కోరుకొనుటకు ఇది ప్రధాన కారణము. వారికి తమ ముఖమెంత ముఖ్యమో తమ గుండీలును అంత ముఖ్యము.

చిత్రకారుడు హికీ 1741లో డబ్లినులో జన్మించినాడు. 1780లో భారతదేశమునకు బయలుదేరి, త్రోవలో ఫ్రెంచి, స్పెయిను నౌకాదళములకు చిక్కి, లిస్బనులో కొన్నేండ్లు గడిపి, 1784లో ఇచ్చటికి చేరినాడు. కొంతకాలమునకు తిరిగిపోయి, మెకార్ట్నీ ప్రభువు రాయబారముతో చైనాకు వెళ్లి, 1798లో రెండవసారి మదరాసుకు వచ్చి స్థిరపడినాడు. 1799లో శ్రీరంగపట్నము పతనమైన పిమ్మట అచ్చటి యుద్ధములో పాల్గొన్న అధికారుల ముఖములను, టిప్పు సుల్తాను కుమారుల ముఖములను చిత్రించినాడు. 1824లో మదరాసులోనే మరణించినాడు. మా అభిప్రాయములో హికీ మొదటి తరగతి చిత్రకారుడు కాడు. బొరొవికోవ్‌స్కీ కుంచెలోని మార్దవము అతనికి లేదు. అయినను చరిత్ర విద్యార్థికి అతని చిత్రములు కొన్ని గొప్ప చిత్రములకంటె ఎక్కువ ఉపయోగపడును. ఎందుకనగా అతడు ఎదుట నున్నవారిని విడువక చూచినాడు. దొర ప్రక్కన నిలిచిన జవానును గూడ ఒక మనిషిగా, ఒక ముఖముగా వ్రాసినాడు.

మెకంజీ 1754లో స్కాట్లండునకు వాయవ్యమున నున్న లూయిస్ ద్వీపములోని స్టోర్నోవే పట్టణములో పుట్టినాడు. సముద్రపు సుంకముల ఉద్యోగిగా కొంతకాలము పనిచేసి, 1783లో మదరాసుకు వచ్చి కంపెనీ ఇంజినీరుల దళములో చేరినాడు. నైజాము ప్రాంతములలోను, గుంటూరు సీమలోను తిరిగి భూములు కొలిచినాడు. శ్రీరంగపట్నము పతనమైన తరువాత మైసూరు సర్వే అతనికి అప్పగింపబడినది. దానిపై దాదాపు పది సంవత్సరములు పనిచేసినాడు. పిదప దత్తమండలముల సర్వే అతని పర్యవేక్షణలో నడిచినది. 1800లో నైజాము ప్రభువు కంపెనీకి వదలుకొన్న ఈ దత్తమండలములలో నాటి కడప జిల్లాతో పాటు మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములును ఉండెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అవి కడపనుండి విడివడి చిత్తూరులో కలసినవి. కనుక మన సీమలోని చెరువుల కట్టలమీదను, కొండలమీదను మెకంజీ సర్వే మనుషులు కొలతగొలుసులతో, దుర్భిణులతో తిరిగిన మాట వాస్తవము.

1815లో మెకంజీ భారతదేశమంతటికి తొలి సర్వేయరు జనరలుగా నియమింపబడినాడు. కలకత్తాకు 1817లో తరలిపోయినాడు. ఈ రెండు సంవత్సరముల మధ్య, మదరాసు విడుచుటకు ముందు, ఈ చిత్తరువు వ్రాయబడినది. ఆ 1816వ సంవత్సరములోనే అతడు తన బృందముతో అమరావతి స్తూపము కడ చాలకాలము మకాము వేసి, శిల్పముల నమూనాలు గీయించినాడు.

చిత్తరువును చూచుట ఎట్లు? మేము విద్యార్థులకు సాధారణముగా చెప్పు పద్ధతి యిది: ముందు ముఖమును చూడవద్దు. ముందు దుస్తులను చూడండి, తరువాత చేతులలోని వస్తువులను చూడండి, ఆ తరువాత వెనుకనున్న దృశ్యమును చూడండి. ముఖమును చివరకు చూడండి. ముఖము చిత్రకారుడు చెప్పదలచుకొన్నది చెప్పును. తక్కినవి అప్రయత్నముగా సత్యము పలుకును.

మెకంజీ కంపెనీవారి ఎర్రని కోటు ధరించియున్నాడు. ఆ ఎరుపునకు పెద్ద కథ కలదు. బ్రిటిష్ సైన్యములో సామాన్య సిపాయి కోటు మంజిష్ఠ వంటి వేరు రంగుతో అద్దబడినది. అధికారి కోటు మాత్రము అమెరికా ఖండమునుండి వచ్చు ఒక చిన్న పురుగునుండి తీసిన ఖరీదైన ఎరుపుతో అద్దబడినది. దూరమునుండి చూచిన ఎవడు హుకుము ఇచ్చువాడో, ఎవడు హుకుము మోయువాడో ఎరుపులోని తేటను బట్టియే తెలిసిపోవును. మన తీరపు అద్దకమువారు చిరివేరుతో తీసిన ఎరుపు అంతకు తక్కువదేమియు కాదని మా నమ్మకము. దాని కొరకే యూరోపు వర్తకులు కొన్ని నూరేండ్లు మన తీరమున కాచుకొనియున్నారు.

సైనికుని దుస్తులు ఎంత బలమైన భాషయో తెలుపు సంఘటన ఒకటి మన పొరుగుననే జరిగినది. చిత్తూరునకు ఆనుకొనియున్న వేలూరు కోటలో, 1806 జూలై 10వ తేదీన, కంపెనీ సిపాయిలు తిరుగబడినారు. అంతకు ముందు సంవత్సరము సిపాయిలు నుదుట బొట్టు, విభూతి పెట్టరాదనియు, గడ్డము తీసివేయవలెననియు, తోలు కుచ్చు గల క్రొత్త తరహా తలపాగా ధరింపవలెననియు ఉత్తర్వు వెలువడినది. ఆ తలపాగా టోపీవలె నుండుటచే హిందువులు, ముస్లిములు ఒకేరీతిగా కలవరపడినారు. టిప్పు సుల్తాను కుమారులు అప్పుడు ఆ కోటలోనే నిర్బంధములో నుండిరి. ఆర్కాటునుండి గుఱ్ఱపుదళము వచ్చి తిరుగుబాటును ఆనాడే రక్తపాతముతో అణచినది. ఉత్తర్వు రద్దయినది. గవర్నరు విలియం బెంటింకు వెనుకకు పిలువబడినాడు. రాకుమారులు కలకత్తాకు తరలింపబడినారు. ఆ రాకుమారులను అంతకు కొన్నేండ్లకు ముందు కూర్చుండబెట్టి చిత్రించిన హికీయే, వేలూరు సంఘటన జరిగిన పదేండ్లకు, ఎర్రకోటులోని మెకంజీని చిత్రించినాడు. చిత్తరువులో ఎర్రకోటు దొరకు గౌరవచిహ్నము. వేలూరు కోటలో తలపాగా సిపాయికి ప్రాణసంకటము. రెండును ఒకే సైన్యపు దుస్తులే.

ఇక మెకంజీతో నిలిచిన ముగ్గురిని చూతము. ఒకని చేతిలో దుర్భిణి కలదు. అతడు సర్వే బృందపు జవాను కిష్టాజీ యని పండితులు గుర్తించినారు. మరియొకని చేతిలో తాళపత్ర గ్రంథము కలదు. అతడు ధర్మయ్య అను జైన పండితుడు. మైసూరు సర్వే కాలములో మెకంజీ వద్ద చేరి, పాత కన్నడ శాసనముల లిపిని విప్పి చెప్పినవాడు. మూడవవాడు కావలి వెంకట లక్ష్మయ్య. వెనుక దూరమున కార్కళలోని గోమటేశ్వర విగ్రహము కనిపించును. కార్కళ విగ్రహము 1432లో నిలుపబడినది, ఎత్తు 42 అడుగులు. మరియొక గుట్టపై బుట్ట కట్టిన గడకర్ర యొకటి నిలిచియున్నది. అది సర్వేవారి గురుతు. దూరపు గుట్టనుండి దుర్భిణితో ఆ బుట్టను గురిచూచి కోణములు కొలిచెడివారు.

ఈ వస్తువులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో చిత్తరువు తానే మాటలాడును. దుర్భిణి, గడకర్ర భూమిని కొలుచుటకు. తాళపత్రము, విగ్రహము గతమును కొలుచుటకు. దుర్భిణి దొర చేతిలో లేదు, తాళపత్రమును దొర చేతిలో లేదు. రెండును భారతీయుల చేతులలోనే యున్నవి. మెకంజీ భారతీయ భాషలు నేర్వలేకపోయితినని తానే ఒప్పుకొన్నవాడు. 1817లో తన మిత్రుడొకనికి వ్రాసిన సుదీర్ఘమైన లేఖలో, భారతీయ విజ్ఞానపు ద్వారము తనకు తెరచినవాడు కావలి బొర్రయ్య యని కృతజ్ఞతతో పేర్కొన్నాడు.

బొర్రయ్య లక్ష్మయ్యకు అన్న. 1790ల చివర మెకంజీ వద్ద చేరినాడు. పలుభాషలు నేర్చిన యువకుడు. గ్రామమునకు వెళ్లి, కరణములను, అర్చకులను, ముతవల్లీలను నమ్మించి, దాచియుంచిన కవిలెలను బయటికి తీయించు నేర్పు అతనికి కలదు. పన్ను పెంచుటకు వచ్చినారేమోయని భయపడు పల్లె ప్రజలకు నచ్చజెప్పుట తేలిక కాదు. ఆ భయము నిరాధారమును కాదు. శాసనములకు అచ్చు తీయు విధానమును గూడ అతడు అభ్యసించినాడు. 1803లో, ముప్పది యేండ్లయినను నిండకముందే, మరణించినాడు. ఆ స్థానమునకు లక్ష్మయ్య వచ్చినాడు. మరియొక సోదరుడు రామస్వామి, దక్షిణాపథ కవుల చరిత్రలను ఆంగ్లమున వ్రాసి 1829లో కలకత్తాలో ప్రకటించినాడు. తెలుగు కవుల చరిత్ర రచనకు అది తొలి మెట్లలో ఒకటి.

లక్ష్మయ్య చేసిన పని యేమి? అతడు ఒక కార్యాలయమును నడిపినాడు. తెలుగు, తమిళ, కన్నడ, మరాఠీ దేశములలో తిరుగుచున్న అనేకమంది సేకర్తలకు ఆదేశములు పంపుట, వారి దినచర్యలను తెప్పించుకొని చదువుట, వచ్చిన కాగితములను భాషలవారీగా వేరుపరచి తర్జుమా చేయించుట అతని విధులు. మెకంజీ మరణించునాటికి ప్రోగైన సేకరణను హెచ్.హెచ్. విల్సను 1828లో పట్టికగా ప్రకటించినాడు: గ్రంథములు 1,568, స్థానిక వృత్తాంతములు 2,070, శాసన ప్రతులు 8,076, చిత్రములు 2,630, నాణెములు 6,218. మెకంజీ భార్యనుండి ఈ సేకరణను ప్రభుత్వము లక్ష రూపాయలకు కొన్నది. ఒక్క మనిషి, ఎంతటి పట్టుదల గలవాడైనను, గుఱ్ఱముపై తిరిగి ఇంత ప్రోగుచేయుట అసాధ్యమని లెక్కలే చెప్పుచున్నవి.

మెకంజీ 1821 మే 8వ తేదీన కలకత్తా సమీపమున మరణించినాడు. సేకరణను కొనసాగించుటకు అనుమతి నిమ్మని లక్ష్మయ్య ప్రభుత్వమును కోరినాడు. విషయము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయమునకు పంపబడినది. ఆ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. బ్రాహ్మీ లిపిని చదివి అశోకుని శాసనములను లోకమునకు వెల్లడించిన మహనీయుడు. అట్టివాడు ఉన్న సొసైటీయే, ఇంతటి పనికి ఒక భారతీయుని అర్హతలు చాలవని తేల్చినది. లక్ష్మయ్య ఇరువది యేండ్లు ఆ పనినే చేసియున్న సంగతి ఆ తీర్పునకు అడ్డు రాలేదు. చివరకు ఆ కాగితములను పరిశీలించు బాధ్యత విలియం టేలరు అను పాదరీకి అప్పగింపబడినది. మెకంజీ వలన లక్ష్మయ్యకు చిత్తరువులో చోటు దొరకినది. మెకంజీ లేని లోకములో కొలువులో చోటు దొరకలేదు. ప్రిన్సెప్ విద్వత్తును మేము తక్కువ చేయుట లేదు. విద్వత్తు గలచోట న్యాయము తప్పక ఉండునని మాత్రము చెప్పజాలము.

ఈ స్థానిక వృత్తాంతములనే మనము కైఫియత్తులు అందుము. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును చదువు విద్యార్థులకు ఈ మాట ప్రత్యేకముగా ఆసక్తి కలిగింపవలెను. కైఫియత్ అరబ్బీనుండి ఫార్సీకి, ఫార్సీనుండి ఉర్దూకు వచ్చిన మాట. స్థితి, వివరము, వృత్తాంతము అని దాని యర్థము. తెలుగు కరణము తెలుగు లిపిలో తన గ్రామచరిత్ర వ్రాసి దానికి ఫార్సీ పేరు పెట్టినాడు. లోపల చూచినచో ఇనాము, జాగీరు, మొకాసా, ఫౌజుదారు, అమీలు మొదలగు మాటలు అడుగడుగున కనిపించును. అగ్రహారము, మాన్యము, పాళెగాడు మొదలగు మాటలతో అవి ఏ తగవును లేక కలసిమెలసి యుండును. ఉర్దూ రానివానికి సగము కైఫియత్తు చీకటి, తెలుగు రానివానికి మొత్తము చీకటి. చిత్తరువునకే ఉర్దూలో తస్వీర్ అందురు. పాత తెలుగువారు దానిని తసవీరు అని తమదిగా చేసికొన్నారు.

చిత్తరువు అనునది దొరలతోనే మన దేశమునకు వచ్చినదని కొందరు తలతురు. తిరుమల వెళ్లినవారు ఆ మాట అనజాలరు. మహాద్వారము దాటగానే కుడిచేతి వైపు మండపములో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహప్రతిమలు చేతులు జోడించి నిలిచియున్నవి. రాయలు 1513 మొదలు 1521 వరకు ఏడుసార్లు తిరుమల దర్శించినాడు. ఆ ప్రతిమపై రాయలు ధరించిన పొడవాటి టోపీని కుళ్లాయి అందురు. అది ఫార్సీ ‘కులాహ్’ అను మాటకు తెలుగు రూపము. విజయనగర ప్రభువు, వేంకటేశ్వరుని యెదుట, తురుష్క దర్బారులనుండి వచ్చిన టోపీతో నిలిచినాడు. ఎవరును ఆయనను నిర్బంధింపలేదు. దుస్తులు తమంతట తాము ఒక సభనుండి మరియొక సభకు వచ్చినవి. వేలూరు తలపాగా కథకు ఇది పూర్తిగా వ్యతిరేకము.

ఆ మండపములో చంద్రగిరి నేలిన వేంకటపతిరాయల ప్రతిమయు, నల్లరాతిలో మలచిన అచ్యుతరాయల దంపతుల ప్రతిమలును కలవు. ఆలయములోనే మరియొకచోట లాలా ఖేమరాము, అనగా తోడరమల్లు, తన తల్లి మాతా మోహనదేవితోను, భార్య పితాబీబీతోను లోహరూపమున నమస్కరించుచున్నాడు. ఈ తోడరమల్లు పద్దెనిమిదవ శతాబ్దిలో కర్ణాటక నవాబు సాదతుల్లా ఖాను కొలువులోని అధికారి. కనుక తిరుపతివారు ‘అధికారి చిత్తరువు’ను చూచుటకు లండనుకుగాని, పీటర్స్‌బర్గుకుగాని పోనక్కరలేదు. నవాబు కొలువులోని అధికారి కొండమీదనే ఉన్నాడు, కుటుంబముతో సహా.

అయితే రెండింటికిని పెద్ద భేదము కలదు. లిస్యాన్‌స్కీ, మెకంజీ చూచువానివైపు నిలిచినారు. మన పటము చూచు కన్ను మనిషిదే, మెప్పు మనిషిదే. తిరుమల ప్రతిమలు మనకొరకు నిలువలేదు. వాటి చూపు గర్భాలయమువైపు. భక్తులు ప్రక్కనుండి పోవుచు, చాలమంది చూడకయే పోదురు. ఒక్క విషయములో మాత్రము మన లోహశిల్పి హికీకంటె జాగ్రత్తపరుడు. రాయల ప్రతిమమీదను, రాణుల ప్రతిమలమీదను భుజములకడ పేర్లు చెక్కినాడు. హికీ చిత్తరువులోని మూడు పేర్లను తరువాతి పండితులు ఉత్తరములు, జాబితాలు వెదకి కూర్చవలసివచ్చినది.

మెకంజీ సేకరణలోని తెలుగు కాగితములలో పెక్కు నేడు చెన్నైలోని ప్రాచ్య లిఖితగ్రంథాలయములో కలవు. సి.పి. బ్రౌను దొర వాటిలో కొన్నింటికి నకళ్లు వ్రాయించి సంపుటములు కట్టించినాడు. కడపలోని బ్రౌను భాషా పరిశోధన కేంద్రమువారు కడప ప్రాంతపు కైఫియత్తులను అచ్చు వేసినారు. దత్తమండలములలో చేరియుండిన తాలూకాల విద్యార్థులు తమ గ్రామపు పేరును వాటిలో వెదకవచ్చును. వెదకునప్పుడు నేటి వర్ణక్రమమును పట్టుకొని కూర్చుండరాదు. వ్రాసినవాడు చెవికి వినబడినట్లు వ్రాసినాడు. ముందు చెరువు పేరు వెదకుడు, పిదప గుడి మాన్యము, మసీదు ఇనాము వెదకుడు. ఊరి పేరు మారినను చెరువు పేరు సామాన్యముగా మారదు. కైఫియత్తు చివర ఎవరైనా వ్రాసినవాని పేరు, వ్రాయించినవాని పేరు కనిపించినచో దానిని వేరుగా ఒక కాగితముపై ఎత్తి వ్రాసి, తేదీతో సహా, మా చరిత్ర శాఖకు అందజేయుడు.